ఉగ్గాని పొట్లం నుంచి ఎగ్ రైస్ బండి దాకా

గత నెల కలెక్టరేట్ ముందు ధర్నా చేశాం. వంటనూనెల దిగుమతి సుంకం పెంచాలని, శెనక్కాయకు మద్దతు ధర ఇప్పించాలని మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుని నినాదాలిచ్చాం. వినతిపత్రం ఇచ్చి బయటికొచ్చేసరికి కడుపులు మాడుతున్నాయి. ఎదురుగా ఉన్న ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర తలా ఒక ప్లేటు ఎగ్ రైస్ తిన్నాం. బండి కింద పామాయిల్ ప్యాకెట్ల అట్టపెట్టె ఉంది. అందరమూ చూశాం. ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వి, డబ్బులిచ్చి బస్సెక్కాం.

ఆ నవ్వు ఇంకా మమ్మల్ని గుచ్చుతూనే ఉంది.

మా చిన్నతనంలో అనంతపురం జిల్లా పల్లెల్లో బయటి తిండి అంటే సంతరోజు తినే ఉగ్గాని, బజ్జీలే. శెనక్కాయ మూటల మీద కూర్చుని నాయనతో బండిలో సంతకు పోయేది ఆ పొట్లం కోసమే. నిజానికి అదీ ఫాస్ట్‌ఫుడ్డే. బొరుగులు నీళ్లలో తడిపి పిండి, తిరగవాత పెట్టి, పప్పుల పొడి చల్లితే ఐదు నిమిషాల్లో ఆకులో పడేది. కాకపోతే బజ్జీ కాలేది ఊరి గానుగ నూనెలో. బొరుగులు చెరువు కింద పండిన వడ్లవి, మిరపకాయలు పక్క ఊరి తోటవి. నాయన ఇచ్చిన రూపాయి మళ్లీ మా చుట్టుపక్కలే తిరిగేది.

అట్లని పాత తిండంతా బంగారమని మేము చెప్పం. ఇంట్లో రోజూ రాగి సంగటి, ఊరిబిండి. వరి అన్నం పండక్కే. సంగటి వద్దని ఏడ్చి దెబ్బలు తిన్నాం. టౌను హైస్కూల్లో చేరాక సద్దిగిన్నె మూత తీయడానికి సిగ్గుపడి, పస్తులున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు మా వయసు వాళ్లలో చాలామందిమి షుగర్ మాత్రలు మింగుతున్నాం. డాక్టరు సంగటి తినమంటున్నాడు!

మొదట రేషన్ షాపులో పామోలిన్ వచ్చింది. 1994లో దాని దిగుమతికి ప్రభుత్వం తలుపులు తెరిచింది. చౌకగా దొరికే నూనె ముందు ఊరి గానుగ ఎన్నాళ్లు నిలబడుతుంది? బజ్జీల ఆయన బాండలిలో నూనె మారింది. మా ఇళ్లల్లోనూ మారింది. శెనక్కాయ మండీకి తోలి, తిరిగొస్తూ పామాయిల్ ప్యాకెట్ కొనుక్కొచ్చింది మేమే. గానుగ నూనె ఈరోజు టౌనులో డబ్బున్నోళ్ల ఆరోగ్య వస్తువైపోయింది. దానికి కాయ పండించే మనిషి ఆ సీసా కొనలేడు.

నూడుల్స్, మంచూరియా అంటూ పిల్లలు చెడిపోతున్నారని మన సభల్లో తిట్టడం ఒక అలవాటైంది. మాకది నచ్చదు. ఆ బండి నడిపే పిల్లవాడెవరో అడిగి చూడండి. మేము అడిగాం. మూడు బోర్లు వేసి, మూడూ ఎండిపోయి, పొలం బీడు పెట్టి వచ్చిన రైతు కొడుకు. శెనగనూనెతో ఎగ్ రైస్ చేస్తే ఆ రేటుకు అమ్మలేనన్నాడు. అతన్ని తప్పు పట్టి లాభం లేదు. తప్పంతా పైన, రేట్లు తేల్చే చోట ఉంది.

అక్కడ ఏం జరిగిందో చూడండి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. ఏడాది కూడా తిరగలేదు. 2025 మే 30న 16.5 శాతానికి దించేసింది. మే ఆఖరంటే మనం విత్తనకాయ ఒలుచుకునే రోజులు. శెనక్కాయకు క్వింటాలు 7,263 రూపాయల మద్దతు ధర ప్రకటించిందీ అదే వారంలో. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటే ఆ ధర మండీలో ఎట్లా నిలుస్తుంది?

విత్తే ముందు సుంకం ఎంతో చెప్పాలి, కాయ అమ్ముడుపోయేదాకా దాన్ని కదిలించకూడదు. హాస్టళ్లు, అంగన్‌వాడీలు, బడి భోజనాల నూనె ఆ జిల్లా రైతుల దగ్గర, గానుగల దగ్గర కొనాలి. ఈ రెండూ వచ్చే ధర్నా వినతిపత్రంలో పెడుతున్నాం.

ఆరోజు భోజనం కూడా మాట్లాడుకున్నాం. బొరుగులు, మిరపకాయలు మండల కమిటీ తెస్తుంది. గానుగ నూనె రెండు డబ్బాలు మా ఊరిది. ఎగ్ రైస్ పిల్లవాణ్ని అడిగితే బాండలి, స్టవ్ తానిస్తానన్నాడు. బజ్జీలు కూడా తనే వేస్తాడట.