దారం లేని బండి

ఈ వారం ఒక బొమ్మకారు సంగతి చెబుతాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి అసలు కార్లే తయారవుతున్నాయి కాబట్టి ఈనాటి రొద్దం పిల్లలకు ఇది వింతగా తోచకపోవచ్చు. మాకు మాత్రం బొమ్మ ఆడిందంటే దాని వెనుక ఒక చెయ్యి ఉండితీరాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటవారి తోలుబొమ్మలాట తెలిసినవాళ్లం. హనుమంతుడు ఎంత ఎత్తు ఎగిరినా పుల్లా దారమూ తెర వెనుకనే ఉంటాయి గదా!

అందుకే 1991 వేసవిలో మా మేనమామ కొడుకు బెంగుళూరు నుంచి ఎర్రకారు తెచ్చి మా ఇంటి ముందు వదిలినప్పుడు, మా అవ్వ వంగి దాని కింద చెయ్యి పెట్టి దారం కోసం వెతికింది.

దారం లేదు. బావ చేతిలో చిన్న డబ్బా, దానికొక తీగ, ఒకే ఒక మీట. నికొలా టెస్లా 1898లోనే న్యూయార్కులో చిన్న పడవను ఇలా రేడియో తరంగాలతో నడిపి చూపాడు. లోపల కోతి ఉందనుకున్నవారూ ఉన్నారట. వాళ్లకంటె మా అవ్వే నయం. ఇలాంటి బొమ్మలు చాలామటుకు 27 మెగాహెర్ట్జుల మీద పనిచేసేవి. ఒకే రకం కార్లు రెండుంటే ఒక మీటకు రెండూ పరుగెత్తేవి. మాకు ఆ చిక్కు లేదు, ఊరికంతా ఉన్నది ఒకటే.

మీట ఒత్తకపోతే కారు తిన్నగా ముందుకు పోతుంది. ఒత్తితే వెనక్కి పోతూ పక్కకు తిరుగుతుంది. అంతే దాని విద్య. ఆ కాస్తా బావకు అంతుపట్టలేదు. కారు అరుగుకు గుద్దుకునేది. లేదా పెన్న నుంచి తోలిన ఇసుకకుప్పలో కూరుకుని చక్రాలు గిరగిర తిప్పేది. పోయి తెచ్చే పని మాది. అందరికంటె ముందు పరుగెత్తేవాడు పక్కింటి పిల్లవాడు, మూడో తరగతి. పేరెందుకు లెండి. ఇరవై లెక్కపెట్టేదాకా ఒకరి వంతు అన్నారు గాని, వాడి వంతు మాత్రం రానేలేదు.

తెచ్చి తెచ్చి వాడికి కారు గుట్టు తెలిసిపోయింది. ఒకసారి అది గోడవైపు పోతుంటే కేక వేశాడు.

"ఇప్పుడొత్తు! రవ్వంత యెనక్కి పోనీ. ఆఁ, ఇడువు!"

కారు బుద్ధిగా మళ్లి వేపచెట్టు చుట్టివచ్చింది. ఆ పూటంతా మీట బావ చేతిలో, కారు వాడి నోట్లో. బావకు మొదట సంతోషం, తరువాత కోపం. "నువ్వు నోరు మూసుకో" అన్నాడు. వాడు మూసుకున్నాడు. కారు మళ్లీ అరుగుకు గుద్దుకుంది.

మూడోనాటికి సెల్లులు అయిపోయాయి. మా అంగట్లో టార్చిలైటుకు వేసే లావు సెల్లులే గాని ఆ సన్నవి లేవు. ఎండలో పెట్టాం, పంటితో కొరికాం. హిందూపురం నుంచి తెస్తానన్న మామ మరిచి వచ్చాడు. అప్పుడు బావ ఆ డబ్బా వాడి ఒళ్లో పడేసి "నీ వంతు" అన్నాడు.

వాడు తీగను పొడుగ్గా లాగి కారువైపు చూశాడు. మీట ఒత్తాడు. మళ్లీ ఒత్తాడు.

అవ్వ లోపలికి పోయి పూలు కట్టే దారం తెచ్చింది. కారుకు ముందొకటి, వెనకొకటి కట్టి, ముందు కొస నాకిచ్చి వెనక కొస బావకిచ్చింది. "వాడు ఒత్తితే నువ్వు లాగు, ఇడిస్తే వాడు లాగుతాడు" అంది. అవ్వ మాటకు ఎదురు చెప్పేవాడు ఇంట్లో ఇంకా పుట్టలేదు.

పొద్దుగూకేదాకా వాడు ఒత్తుతూనే ఉన్నాడు. కారు ఒక్కసారి కూడా అరుగుకు తగల్లేదు.