డచ్చివారి వ్యాపారంలో మనుషులూ ఉన్నారు

భీమిలి పర్యాటకం అనగానే డచ్చివారి ముచ్చట మొదలవుతుంది. సముద్రపు గాలికి నల్లబడిన సమాధులు, పాత బంగళాలు, ఒకనాటి రేవు వైభవం. పదిహేడో శతాబ్దంలో వచ్చారు, బియ్యమూ బట్టలూ కొని ఓడలకెక్కించారు, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి పోయారు. మనుషుల బేరాన్ని తీసేసి చెబుతున్నాం కాబట్టే ఈ కథ ఇంత ముచ్చటగా ఉంది.

ఆ మాట ఎత్తితే చదువుకున్నవాళ్ల నుంచి కూడా ఒకటే జవాబు: బానిసత్వం అమెరికా, ఆఫ్రికాల గొడవ, బీచ్‌కి సరదాగా వచ్చిన జనానికి ఆ ఏడుపెందుకు? ఈ జవాబును నేను ఒప్పుకోను.

భీమిలిలో గిడ్డంగి నడిపిన డచ్ ఈస్టిండియా కంపెనీ కోరమాండల్ తీరంలోని తన స్థావరాలన్నిటినీ ఒకే గవర్నర్ కింద ఉంచింది. ఆ గవర్నర్ 1690 దాకా పులికాట్‌లో, ఆ తర్వాత నాగపట్నంలో ఉండేవాడు. 1659-61 కరువులో తంజావూరు ప్రాంతం నుంచి ఆ కంపెనీ ఎనిమిది నుంచి పది వేల మందిని కొని సింహళానికి, బటావియాకి, మలక్కాకి తరలించిందని చరిత్రకారుల అంచనా. తీరంలో కరువో యుద్ధమో వస్తే చాలు, మనుషుల ధర పడిపోయేది, కొనుగోళ్లు పెరిగేవి. అది తంజావూరు సంగతి, మనకేమిటి అంటారా? యజమాని ఒకడే. భీమిలి బియ్యం లాభం చేరిందీ ఆ ఖజానాకే.

కేప్‌టౌన్‌లో అదే కంపెనీ 1679లో కట్టిన స్లేవ్ లాడ్జ్ ఇప్పటికీ ఉంది. కంపెనీ కాలంలో దాని బయటి గోడకు కిటికీలు లేవు, గాలికీ వెలుతురుకూ ఇనుప కడ్డీలు బిగించిన సన్నటి సందులే. లోపల వందలమంది బానిసలు. కేప్ దస్తావేజుల్లో బెంగాల్ నుంచి, కోరమాండల్ నుంచి తెచ్చినవాళ్లు కనిపిస్తారు. చాలామందికి కన్నవాళ్లు పెట్టిన పేరు మిగలలేదు. కొన్నవాడు ఒకడికి జనవరి అని, ఇంకొకడికి సెప్టెంబర్ అని నెలల పేర్లు తగిలించాడు. భీమిలి సమాధుల్లో పడుకున్న డచ్చివాళ్లకు మాత్రం పేరూ, చనిపోయిన తేదీ రాతి మీద ఉలితో చెక్కి పెట్టారు. మనం టూరిస్టుకు ఆ రాయి చూపించి, ఆ జనవరిని దాచేస్తున్నాం.

చేదు చెబితే జనం రారన్న భయానికి ఆధారం లేదు. స్లేవ్ లాడ్జ్ మ్యూజియంగా నడుస్తోంది. ఘనాలో డచ్చివారే రెండు శతాబ్దాలకు పైగా ఏలిన ఎల్మినా కోటకు ఖండాలు దాటి వస్తున్నారు. మారిషస్‌లో ఒప్పంద కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ ఘాట్ మెట్లెక్కినవాళ్లలో మన తీరపు తెలుగువాళ్లూ ఉన్నారు. కూలీ ఒప్పందం, బానిసత్వం ఒకటి కావు, నిజమే. కానీ బానిసల స్థానంలోకే కూలీలను దింపారు.

డచ్చి ప్రభుత్వమే మనకన్నా ముందు నోరు విప్పింది. 2022 డిసెంబర్ 19న ప్రధాని రుట్టె క్షమాపణ చెబుతూ, ఆసియాలో కంపెనీ ఏలుబడిలో ఆరు లక్షల అరవై వేల నుంచి పది లక్షలకు పైగా మనుషుల్ని అమ్మారని, కొన్నారని ఒప్పుకున్నాడు. 2023 జులై 1న రాజు క్షమాపణ అడిగాడు. అమ్మినవాడు ఒప్పుకున్నాక అమ్ముడుపోయినవాళ్ల తీరం నోరు మూసుకోవడం ఏం మర్యాద?

అసలు జంకు వేరే చోట ఉందని నా అనుమానం. ఈ కథ చెబితే మన దళారీలు బయటికొస్తారు. గంజి నీళ్లకు బిడ్డను వదులుకున్న తల్లి, ఆ బిడ్డను రేవుకు తోలుకొచ్చిన మనవాడు, ఇద్దరూ వస్తారు. ఆ వెనకే విశాఖ మన్యపు గొత్తి వస్తుంది. పాత అప్పు కింద తరతరాలు చాకిరీ చేయించుకున్న ఆ పద్ధతిని రద్దు చేయడానికి 1940లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక నిబంధన తేవాల్సి వచ్చింది. రానివ్వండి. డచ్చివాణ్ణి మాత్రమే నిలబెట్టి మనం తప్పుకునే మ్యూజియం నాకూ అక్కర్లేదు.

విశాఖ మ్యూజియం డచ్చి బంగళాగా పేరుపడ్డ భవనంలోనే ఉంది. 1942లో జపాన్ వాళ్లు ఊరి మీద వేసిన బాంబును అక్కడ పదిలంగా ఉంచారు. ఈ చరిత్రకూ ఒక గది ఇవ్వాలి. భీమిలి సమాధుల దగ్గర ఒక బోర్డు పెట్టి, కంపెనీ ఏమేం కొన్నదో వరసగా, ముందు తెలుగులో రాయాలి: బియ్యం, బట్టలు, మనుషులు.