విరూపణ్ణ చిత్తరువు

లేపాక్షి వీరభద్రాలయంలో గర్భగుడి ముందున్న మండపం కప్పు నిండా వీరభద్రుడి చిత్రం పరుచుకుని ఉంటుంది. ఇరవై అడుగులు దాటిన ఆ మూర్తి పాదాల దగ్గర చేతులు జోడించిన మనుషులు చిన్నగా కనిపిస్తారు. వాళ్ళలో ఆలయం కట్టించిన విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ ఉన్నారు. విరూపణ్ణ నంది లక్కిసెట్టి, ముద్దమ్మ దంపతుల కొడుకు. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన కాలంలో (1529–1542) పెనుకొండలో పెద్ద ఉద్యోగం చేసినవాడు. జనం మాటలో మాత్రం రాయల కోశాధికారి. రాజుల రూపాలు కంచులోనూ రాతిలోనూ మిగిలాయి. తిరుమలలో ఇద్దరు దేవేరుల నడుమ నిలిచిన కృష్ణదేవరాయలు అందరికీ తెలిసినవాడే. రాజు దగ్గర కొలువు చేసిన ఉద్యోగి, పేరుతో సహా, రంగుల్లో మిగలడం మాత్రం తెలుగునాట అరుదు.

అన్నదమ్ములు మరోచోట కూడా ఉన్నారు. అక్కడ పరివారంతో వరుసగా నిలబడి పూజారి చేతి నుంచి విభూతి అందుకుంటారు. తల మీద పొడుగాటి కుళ్ళాయి, ఒంటి మీద నిడుపాటి అంగీ, చెవులకు పోగులు, మెడలో హారాలు. ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉంటాయి. ముక్కు సూదిగా, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నంత పెద్దదిగా ఉంటుంది. ఆ ముఖం చూసి ఇతడే విరూపణ్ణ అని గుర్తుపట్టడం కష్టం. వెనకున్న అనుచరుడి ముఖమూ దాదాపు అలాంటిదే. నిలబడ్డ చోటు, వరుసలో స్థానం, బట్టల నాణెం, వీటిని బట్టే అతను ఎవరో తెలుస్తుంది. కుళ్ళాయి, అంగీ పారశీక, అరబ్బు దేశాల నుంచి సుల్తానుల కొలువుల మీదుగా విజయనగరానికి వచ్చిన దర్బారు దుస్తులు. శివుడి గుడిలో, శివుడి ముందు కూడా ఆ ఉద్యోగి వాటితోనే నిలబడ్డాడు. దక్కను రాజకీయాలను మతాల యుద్ధంగా మాత్రమే చదివేవాళ్ళు ఈ కప్పు వైపు ఒకసారి తలెత్తి చూడటం మంచిది.

విరూపణ్ణ కాలంలోనే లండన్‌లో హాన్స్ హోల్బైన్ ట్యూడర్ రాజు ఎనిమిదో హెన్రీ కొలువులోని వాళ్ళ చిత్రాలు వేస్తున్నాడు. 1532–33 ప్రాంతంలో అతను ఓక్ చెక్క మీద తైలవర్ణాల్లో థామస్ క్రామ్‌వెల్‌ను చిత్రించాడు. క్రామ్‌వెల్ అప్పట్లో రాజుగారి నగల కొట్టుకు అధికారి. బల్ల మీది కాగితంలో ఆ హోదా రాసి ఉంటుంది. ఆ పటంలో దేవుడు లేడు, పరివారం లేదు. బరువైన దవడ, బిగించిన పెదవులు, ఒక్క మనిషి. 1540 జులై 28న ఆ రాజే అతని తల తీయించాడు. పటం ఇప్పుడు న్యూయార్క్ ఫ్రిక్ సేకరణలో ఉంది. అంతకుముందే, 1535లో, అదే రాజు చేతిలో తల పోగొట్టుకున్న థామస్ మోర్ పటం కూడా అదే గదిలో ఉంది.

విరూపణ్ణ గురించి లేపాక్షిలో చెప్పే కథ కూడా రాజు కోపం కథే. రాయలు ఊళ్ళో లేనప్పుడు ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడట. తిరిగొచ్చిన రాయలు కళ్ళు తీయించమన్నాడట. ఆ మాట విన్న విరూపణ్ణ తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడట. కల్యాణమండపం దగ్గర గోడ మీది రెండు ఎర్రటి మరకలు ఆ నెత్తురువేనని, మండపం సగంలో ఆగిపోవడానికి కారణం అదేనని చెబుతారు. గుడిలోని శాసనాలు చెప్పే సంగతి వేరు: దేవుడికి ఇచ్చిన దానాలు, ఊళ్ళు, భూములు. క్రామ్‌వెల్ అంతం దస్తావేజుల్లో ఉంది, విరూపణ్ణ అంతం జనం నోట ఉంది. ఈ తేడా మరచిపోకూడదు. కథ బలమైనది కాబట్టి యాత్రికులు మరకలనూ వేలాడే స్తంభాన్నీ చూసి వెళ్ళిపోతారు. కప్పు చూడాలంటే మెడ నొప్పి పుడుతుంది, లోపల వెలుతురూ తక్కువ.

చూసినవాళ్ళకు పనితనం తెలుస్తుంది. రాతి మీద సున్నపు గార, దాని మీద నునుపైన తెల్ల పూత, ఆపైన గీత. గీతల నడుమ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చదునుగా నింపారు; నీడల పని లేదు. నీలం కనిపించడం అరుదు. చివరగా నల్లటి గీతతో అంచులు తేల్చారు. ఒకే మనిషి బట్టలో గళ్ళు, చారలు, పువ్వులు కలిసిపోకుండా ఉన్నాయంటే చిత్రకారుడికి నేతపని బాగా తెలిసి ఉండాలి. ఈ చిత్రాల్లోని చీరల అంచులనూ పువ్వులనూ ఇప్పటికీ అద్దకం, నేత పనివాళ్ళు వాడుకుంటున్నారు. చిత్రకారుల పేర్లు మాత్రం మిగల్లేదు. డబ్బు పెట్టినవాడి పేరు నిలిచింది.

చిత్రాల్లో కొన్ని భాగాలు గారతో పాటే రాలిపోయాయి, మరికొన్ని మసకబారాయి. ఆమంచర్ల గోపాలరావు, సి. శివరామమూర్తి వంటివారు వీటిని గ్రంథస్థం చేశారు. గుడి భారత పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో లేపాక్షి చేరింది. ఆ నమోదులో శిల్పంతో సమానంగా చిత్రకళనూ పేర్కొన్నారు.