ఇంటర్ గ్రూపు దగ్గరే తేలిపోతున్న కెరీర్

దివ్యాంగ విద్యార్థి బ్యాంకు పరీక్షలకో, టీచరు కొలువుకో చదువుతుంటే ‘జాగ్రత్తపరుడు’ అంటాం. ఇంజినీరింగ్ అంటే ‘ఎంత పట్టుదల!’ అంటాం. రెండు మాటల్లోనూ ఎంపికంతా ఆ విద్యార్థిదేనన్న ఊహ ఉంది. యూనివర్సిటీ మెట్లెక్కేసరికే అందులో చాలా భాగాన్ని వేరేవాళ్లు తేల్చేసి ఉంటారు.

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతే చూడండి. పుట్టుకతో చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు చదువుతానంటే కుదరదన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోలేదు; అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. తర్వాత హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. అతని జీవితంపై 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. స్ఫూర్తి కథ అని చప్పట్లు కొట్టాం. ఇంటర్లో గ్రూపు కోసం ఓ కుర్రాడు దావా వేయాల్సి రావడమేమిటని అడిగినవాళ్లు తక్కువ. కోర్టు దారి తెలియని పిల్లలు సీఈసీలోనో హెచ్‌ఈసీలోనో సర్దుకుంటారు. డిగ్రీలో అడిగితే ‘ఆర్ట్స్ అంటే ఇష్టం’ అంటారు. కొందరికి నిజంగానే ఇష్టం కావచ్చు. మిగతావాళ్లకు అది తేల్చుకునే అవకాశమే దొరకలేదు.

ఎలాగో సైన్సులోకి వచ్చినా పరీక్ష ఉంది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాల అదనపు సమయమిచ్చాయి. జవాబులు రాసిపెట్టే సొంత స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ వ్యక్తి చదువు అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువుండాలన్నాయి. కాపీయింగ్ భయంతో పెట్టిన షరతు. చరిత్ర జవాబైతే చెప్పి రాయించవచ్చు. డిగ్రీ గణితంలో సమాకలన గుర్తులు ఆ లెక్కలెన్నడూ చూడని చేతికి చెప్పి రాయించడం వేరే పరీక్ష. మార్కులు తగ్గితే ‘ఆసక్తి లేదు’ అని తేల్చేస్తారు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం ఇచ్చింది. ప్రైవేటు కొలువుల విషయంలో మాత్రం ప్రోత్సాహకాలతో సరిపెట్టింది. సర్కారు ఉద్యోగాల్లోనూ ఏ వైకల్యానికి ఏ పోస్టు అన్నది ‘గుర్తించిన పోస్టుల’ జాబితా చెబుతుంది. ఇంట్లోవాళ్లు మొదట చూసేది అదే. అలా చూడటం పిరికితనం కాదు, లెక్క.

కోర్టులు ఈ లెక్కను మారుస్తున్నాయి. వైకల్య శాతం మాత్రమే చూసి ఎంబీబీఎస్ సీటు నిరాకరించొద్దని, విద్యార్థి ఏం చేయగలరో చూడాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. చూపులేనివారిని న్యాయాధికారుల కొలువులకు దూరం పెట్టడం చెల్లదని 2025 మార్చిలో తీర్పిచ్చింది. తీర్పుకు ముందే దారి మార్చుకున్నవారికి మాత్రం ఆ ఏళ్లు తిరిగి రావు.

పోస్టుల జాబితాను మూడేళ్లు మించకుండా సమీక్షించాలని, నిపుణుల కమిటీలో దివ్యాంగులుండాలని చట్టంలోనే ఉంది. యూనివర్సిటీ ప్లేస్‌మెంట్ సెల్‌లు జాబితాను నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకుండా, ఏ కొలువు అందులో ఎందుకు లేదో విద్యార్థులతోనే రాయించి ఆ కమిటీకి పంపవచ్చు.