నేల ఉసిరికి ఇంకా పెట్టని పరీక్ష

వానలు పడిన పదిరోజులకు మేడ్చల్‌ జిల్లా తూంకుంటలో ఖాళీ ప్లాట్లన్నీ పచ్చబడతాయి. ఆ గడ్డిలో జానెడెత్తు మొక్క ఒకటి ఉంటుంది, ఆకు చింతాకులా. రెమ్మ తిప్పి చూస్తే అడుగున ఆవగింజ కంటే కాస్త పెద్దవైన పచ్చటి కాయలు వరసగా వేలాడుతుంటాయి. అదే నేల ఉసిరి. పసిరికలు (కామెర్లు) అయితే మా నాయనమ్మ దీన్ని వేళ్లతో సహా పీకి, కడిగి, రోట్లో నూరి, మజ్జిగలో కలిపి మూడు రోజులు పరగడుపున తాగించేది. ఉప్పు, కారం, నూనె బంద్. పదేళ్ల వయసులో నాకూ తాగించింది. మూడు వారాలకు కళ్లు తెల్లబడ్డాయి. ఆ పసరే నన్ను బతికించిందని చాలా ఏళ్లు నమ్మాను.

ఇప్పుడు అలా నమ్మడం లేదు. పిల్లలకు కామెర్లు ఎక్కువగా కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్‌ ఎ వల్ల వస్తాయి. అది చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గిపోతుంది. తగ్గే రోజుల్లో ఏది తాగితే దానికే పేరొస్తుంది. అలాగని ఈ మొక్కను పిచ్చి మొక్కని తీసిపారేసే వాళ్ల మాటా ఒప్పుకోను. ఎందుకంటే దీన్ని ప్రపంచం ఒకసారి చాలా శ్రద్ధగా పట్టించుకుంది.

హెపటైటిస్‌ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్‌ అందుకున్న బరూచ్‌ బ్లూంబర్గ్‌ బృందమే నేల ఉసిరి సారాన్ని పరీక్షించింది. వైరస్‌ పెరగడానికి కావలసిన డీఎన్‌ఏ పాలిమరేజ్‌ను అది అడ్డుకుంటోందని 1987లో ప్రకటించింది. మరుసటి ఏడాది మద్రాసు పరిశోధకులు, బ్లూంబర్గ్‌ కలిసి లాన్సెట్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఎండబెట్టిన మొక్క పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్‌ ఉపరితల యాంటిజెన్‌ కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఈ అంకెలు చదివిన రోజు నాయనమ్మ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

కానీ అలాంటి ఫలితం మళ్లీ రావాలి. థాయ్‌లాండ్‌లో ప్రయత్నిస్తే రాలేదు. న్యూజిలాండ్‌లోనూ రాలేదు. 2011లో కాక్రేన్‌ సంస్థ 16 ప్రయోగాలను, 1,326 మంది రోగుల వివరాలను జల్లెడ పట్టి, ఈ జాతి మొక్కలు హెపటైటిస్‌ బి మీద పనిచేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది.

ఇక్కడ ఒక చిక్కుంది. నేల ఉసిరి అని మనం పిలిచేది ఒక్క మొక్క కాదు. ఒకదానికి కాయ సన్నటి కాడతో వేలాడుతుంది. ఇంకోదానికి గరుకు కాయ రెమ్మకే అంటుకుని ఉంటుంది, కాండం ఎర్రబారుతుంది. 2010లో దక్షిణాది మూలికల దుకాణాల నమూనాలను పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతు చోట్ల అసలు రకం బదులు దాని చుట్టాలు దొరికాయి. సంచిలో ఏముందో తెలియనప్పుడు మందు పనిచేసిందనీ చెప్పలేం, చేయలేదనీ చెప్పలేం.

ఇదే హెపటైటిస్‌ బి వైరస్‌కు ఇంకో జవాబు మన పక్కనే దొరికింది. మద్రాసు ప్రయోగం ఏ యాంటిజెన్‌ మాయమైందని లెక్కగట్టిందో, దాన్నే ఈస్ట్‌ కణాల్లో పెంచి మేడ్చల్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌ 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్‌ హెపటైటిస్‌ బి టీకా తెచ్చింది. ఆ తర్వాత తుర్కపల్లి నుంచి భారత్‌ బయోటెక్‌ టీకా వచ్చింది. వైరస్‌ ఒంట్లో చేరకుండా టీకా కాపాడుతుంది. చేరిపోయిన వైరస్‌ను మాత్రం వెళ్లగొట్టలేదు. పసరు మందు చేయాలనుకున్న పని అదే, అది ఇప్పటికీ పూర్తిగా చేతకాని పనే. అందుకే నేల ఉసిరి ఫైలు మూసేయడం నాకు ఇష్టం లేదు. టీకా కంపెనీలున్న జీనోమ్‌ వ్యాలీ నుంచి పావుగంట నడిస్తే ఈ మొక్క దొరుకుతుంది. రకం తేల్చి, మోతాదు తేల్చి, ప్రభుత్వ డబ్బుతో మరో ప్రయోగం ఎందుకు చేయకూడదు? పేటెంటు రాని మొక్క మీద కంపెనీలు ఖర్చు పెట్టవు. పెట్టాల్సింది ప్రభుత్వమే.

అప్పటిదాకా ఒక్కటి పట్టుబడతాను: కళ్లు పచ్చబడితే ముందు రక్త పరీక్ష. కామెర్లు జబ్బు కాదు, జబ్బు గుర్తు. పిత్తాశయంలో రాయి ఉండొచ్చు, ఎలుకల మూత్రంతో వచ్చే జ్వరం కావొచ్చు. నెలలు నిండిన గర్భిణికి హెపటైటిస్‌ ఇ వస్తే ప్రాణం మీదకే వస్తుంది. మూడు రోజుల పసరు, చేతి మీద వాత అనుకుంటూ కూర్చుంటే ప్రాణం పోవడానికి ఆ మూడు రోజులే చాలవచ్చు.

మా బంధువు ఒకాయన హెపటైటిస్‌ బి తెలియక ఏటా పసరు తాగేవాడు. కామెర్లు తగ్గేవి, వైరస్‌ మిగిలేది, కాలేయం గట్టిపడుతూ వచ్చింది. 2018లో మొదలైన జాతీయ వైరల్‌ హెపటైటిస్‌ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడు ఆయనకు టెనోఫోవిర్‌ బిళ్ల ఉచితంగా అందుతోంది. మనవడు పుట్టిన రోజు ఆయనే నర్సును రెండుసార్లు అడిగి, 24 గంటలు దాటకముందే పసివాడికి టీకా వేయించాడు.