ఈడ ఏమున్నదన్న మాట మీద

మార్చి సగం గడిచిందంటే పెద్దేముల్‌లో ఎదురైన ప్రతి ఒక్కరూ నన్ను అడిగేది ఒకటే. "సెలవులకు ఎటు పోతున్నరు సార్?" ఎటూ పోవడం లేదు, ఉగాది నుంచి శ్రీరామ నవమి దాకా తొమ్మిది రోజులూ ఊళ్ళోనే ఉంటాం, వండుకుని తింటాం, ఎండ ఎక్కకముందు పిల్లల్ని తీసుకుని చుట్టుపక్కల తిరిగొస్తాం అంటే అడిగినాయన ముఖం చిన్నబోతుంది. నాకు చేతిలో డబ్బు ఆడడం లేదనుకుంటాడు. కాసేపాగి, ఓదార్చినట్టుగా, "ఈడ ఏమున్నది సార్?" అంటాడు.

ఆ మాట మీద నాకు కోపముంది. అన్నాయన మీద కాదు. ఆయన నోటికి ఆ మాట అందించిన అభిప్రాయం మీద. సెలవంటే పోవడమే, అదీ దూరం పోవడమే, ఖర్చు పెట్టి పోవడమే అని ఇవాళ అందరి మనసుల్లో గట్టిపడిపోయింది. ఊటీ ఫోటోనో గోవా ఫోటోనో ఫోన్లో లేకపోతే ఆ యేడు సెలవులు వృథా అయినట్టే. అప్పు చేసి మరీ టూర్లకు పోతున్న కుటుంబాలున్నాయి. దానికి మా వైపు ఇంకో మాట తోడైంది: దావత్ లేకుంటే అదేం పండుగ, ముక్క లేని దావత్ అదేం దావత్? నేను శాకాహారిని. కాబట్టి ఈ రెండు మాటలూ నేను కలిపే వింటుంటాను. రెండూ తప్పుడు మాటలే. ఉన్నదాన్ని లేనట్టు లెక్కగట్టే చూపు నుంచే రెండూ పుట్టాయి.

ముందు తిండి సంగతి చెప్తాను. 2014 నాటి శాంపుల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో శాకాహారులు నూటికి 1.3 మంది. అంటే నాలాంటి వాళ్ళం వందమందిలో ఒక్కరం. మిగతా తొంభైతొమ్మిది మంది కంచంలో ఏముందన్నది నాకు అక్కరలేని విషయం. శాకాహారాన్ని కులపు గొప్పగా మోసుకు తిరిగి, ఎదుటివాళ్ళ పొయ్యి మీది వాసన పట్టి ఇల్లు అద్దెకివ్వననే వాళ్ళున్నారు. అది అన్యాయం, వాళ్ళ పక్షాన నేను ఒక్క మాట కూడా మాట్లాడను. కానీ తాండూరు వైపు నల్లరేగళ్ళలోని శాకాహారం మడి కట్టుకున్న వంటింట్లో పుట్టింది కాదు. చేనులో పుట్టింది. జొన్న రొట్టె, పుంటికూర, కందిపప్పు, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు. కలుపుకు పోయే తల్లి సద్దిమూటలో ఉండేవి ఇవే. మాంసం తినే ఇళ్ళలో కూడా వారంలో ఎక్కువ రోజులు ఉడికేవి ఇవే. ఈ తిండిని "ఏమీ లేని తిండి" అంటే శాకాహారికి కలిగే నష్టం కొంచెమే. దీన్ని తరతరాలుగా కనిపెట్టి, రుచి కుదిర్చి మనకిచ్చిన రైతు ఆడవాళ్ళనే తక్కువ చేసినట్టవుతుంది.

"పప్పే కదా" అంటారు. తాండూరు పక్కన నిలబడి ఈ మాట ఎట్లా అనగలుగుతారో నాకు అర్థం కాదు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. వానను నమ్ముకుని లోతైన నల్లరేగడిలో పండే పంట ఇది. ఆ నేలలో అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంది, అడుగున సున్నపురాయి పొరలున్నాయి. కందిలో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతం, ధాన్యాల్లో ఉండేదానికి దాదాపు మూడింతలు. మా ఇంట్లో పరిచిన బండలు తాండూరు బండలే. మధ్యాహ్నం ఆ చల్లటి బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పప్పన్నం కలుపుకుంటుంటే, కింద పరిచిందీ కంచంలో వడ్డించిందీ ఒక్క నేల నుంచే వచ్చాయి. ఈ భాగ్యం ఏ హోటల్లో దొరుకుతుంది?

ఇక చైత్రంలో ఆ పప్పుకు చింత చిగురు తోడవుతుంది. పొద్దున్నే పోవాలి. చెట్టు కింది కొమ్మలకు లేత ఎరుపు తిరిగిన చిగురు ఉంటుంది, ఎండ తగిలితే వాడిపోతుంది. పిల్లలు ఒళ్ళో పట్టినంత కోసుకొస్తారు. దాన్ని నీడన కాసేపు ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, ఈనెలు చెరిగెయ్యాలి. పప్పు మెత్తగా ఉడికాక చిగురు వేసి ఒక్క ఉడుకు రానిచ్చి, ఎండుమిరపకాయలూ ఎల్లిపాయలూ జీలకర్రా కుసుమ నూనెలో పోపు పెడితే చాలు. ఆ పులుపు చింతపండు పులుపు కాదు, మామిడికాయ పులుపూ కాదు. యేడాదిలో ఈ కొన్నాళ్ళే ఉంటుంది. ఆ కొన్నాళ్ళూ మనం ఊళ్ళో లేకుండా ఎక్కడికో పోతున్నాం.

శాకాహారికి టూర్లలో దొరికేదేమిటో నాకు అనుభవమే. కొన్నేళ్ళ కింద నేనూ అందరిలాగే పిల్లల్ని సముద్రం చూపించడానికి తీసుకుపోయాను. నాలుగు రోజులు. మేం దిగిన చోట మాకు తినడానికి ఉన్నవి ఫ్రైడ్ రైస్, పనీర్, మళ్ళీ ఫ్రైడ్ రైస్. మూడో రోజు మా చిన్నది "రొట్టె కావాలె" అని ఏడ్చింది. సముద్రం గొప్పదే, కాదనను. అప్పుడూ మార్చి నెలే. ఇంటికొచ్చేసరికి చిగురు ముదిరిపోయింది.

ఇప్పుడు నా మీద వేయదగ్గ ఒకే ఒక్క బలమైన ప్రశ్న ఉంది. దాన్ని దాటెయ్యడం నిజాయితీ కాదు. "మీరు ఇంటి పట్టున ఉంటే మీకు సెలవు. వండేవాళ్ళకు?" పోలెలు చేయాలంటే ఆ పూటంతా పొయ్యి ముందే. పప్పు ఉడకబెట్టాలి, బెల్లం వేసి పూర్ణం రుబ్బాలి, పిండి నానబెట్టాలి, ఒక్కొక్కటీ ఒత్తి కాల్చాలి, వంచిన కట్టుతో చారు కాయాలి. ఇంటిల్లిపాదీ సెలవులో ఉన్నప్పుడు మూడు పూటలా తిండి, మధ్యలో చాయలు, వచ్చిపోయే చుట్టాలు. మగవాడు మంచం మీద పడుకుని "ఇల్లే స్వర్గం" అంటే ఆ స్వర్గాన్ని మోసేది ఇంకొకరు. ఆడవాళ్ళు టూరుకు పోదాం అంటే సగం కారణం వంట తప్పుతుందనే. వాళ్ళ కోరిక న్యాయమైనది. మన అమ్మలు ఎందరో ఒక్క రోజు సెలవు లేకుండా బతుకు వెళ్ళదీశారు.

దీనికి జవాబు హోటల్ గది అని నేనొప్పుకోను. నాలుగు రోజులు తప్పించుకున్న పొయ్యి ఐదో రోజు మళ్ళీ ఆమెకే ఎదురవుతుంది. పొయ్యి దగ్గరికి మగవాడు రావడం ఒక్కటే జవాబు. మా ఇంట్లో ఈ తొమ్మిది రోజులూ రొట్టెలు నావి. జొన్నపిండిలో కాగిన నీళ్ళు పోసి కలపాలి, గోరువెచ్చని నీళ్ళకు పిండి జిగి రాదు, తట్టేటప్పుడు అంచులు పగుళ్ళు పడతాయి. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను అరచేత్తో తడుతూ తిప్పుతూ పలచన చేయాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డ అద్దాలి. తిప్పాక అది పొంగిందంటే కుదిరినట్టు. మూడో ఉగాదికి గానీ నా రొట్టె గుండ్రంగా రాలేదు. మా అమ్మ యాభై ఏళ్ళు రోజుకు ఎన్ని రొట్టెలు చేసిందో ఆ మూడేళ్ళలో నా మణికట్టుకు తెలిసింది. ఇంటిపట్టు సెలవును సమర్థించే మగవాళ్ళందరికీ నా షరతు ఇదే. పిండి కలపని వాడికి ఈ వాదన చేసే హక్కు లేదు.

ఇక "ఈడ ఏమున్నది" అన్నదానికి వస్తాను. శని, ఆదివారాల్లో అనంతగిరి గుట్టల రోడ్డు మీద చూడండి, హైదరాబాదు కార్లు బారులు తీరి ఉంటాయి. కోట్‌పల్లి ప్రాజెక్టు దగ్గర పడవలెక్కడానికి జనం నిలబడి ఉంటారు. గుట్టల చుట్టూ రిసార్టులు లేచాయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ 2.0 పథకంలో అనంతగిరిని చేర్చింది. ఎక్కడెక్కడివాళ్ళో డబ్బు పెట్టి వస్తున్న చోటు, పెద్దేముల్ వాళ్ళకు ఏమీ లేని చోటు ఎట్లా అయింది?

మార్చిలో కోట్‌పల్లి వైపు అడవిలో మోదుగులు ఆకు రాల్చి నిలువెల్లా పూసి ఉంటాయి. హోలీకి ఆ పూలు నానబెట్టి రంగు తీయడం మా చిన్నప్పుడు ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఇప్పుడు రంగు పొట్లాలు కొంటున్నాం, చెట్టు పేరు పిల్లలకు తెలియదు. ఏప్రిల్ వచ్చిందంటే తాండూరులో భావిగి భద్రేశ్వరుడి జాతర. మా పిల్లలకు మాత్రం అన్నిటికన్నా బాగా నచ్చింది రైలు. 1874 నుంచి వాడి, సికింద్రాబాదుల మధ్య నడుస్తున్న లైను ఇది, నిజాం కాలంలో వేసింది. తాండూరులో పొద్దుటి రైలెక్కి, రుక్మాపూర్, ధారూర్ స్టేషన్లు దాటి వికారాబాదులో దిగాం. మూటలో రొట్టెలు, పల్లీల పొడి, మామిడికాయ తొక్కు. అక్కణ్ణుంచి ఆటోలో అనంతగిరి గుట్టల మీది అనంత పద్మనాభస్వామి గుడికి పోయాం.

ఆ గుట్టల మీద కూర్చుని పిల్లలకు నీళ్ళ సంగతి చెప్పాను. మూసీ ఇక్కడే పుడుతుంది. చైత్రంలో చూస్తే సన్నటి తడి, అంతే. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న నది ఇదేనంటే పిల్లలు నమ్మలేదు. ఆ నీళ్ళు తూర్పుకు పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. ఇదే గుట్టల ప్రాంతం నుంచి పడమరకు జారిన నీళ్ళు కాగ్నా అయి తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తాయి. ఆ భీమ కూడా చివరికి పోయేది కృష్ణలోకే. ఇంటికొచ్చాక మా పెద్దది సుద్దముక్కతో బండల మీద ఈ రెండు దారులూ గీసింది. వంటింటి గడప దగ్గర అనంతగిరి, వాకిట్లో కృష్ణ. రెండు రోజులు ఎవరినీ ఆ బండలు కడగనివ్వలేదు.

ఊరు దాటి పోవడం తప్పని నేననడం లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి పదిహేను నెలలు కాశీయాత్ర చేసి, దారిలో కనిపించిన ఊరినీ నీటినీ పంటనూ మనుషుల తీరునూ రాసిపెట్టాడు. అట్లా చూడగలిగినవాడు ఎంత దూరమైనా పోవచ్చు. మన టూర్లలో చూడడం ఎక్కడుంది? బస్సు దిగడం, ఫోటో, బస్సెక్కడం. చూపు ఉన్నవాడికి తన ఊళ్ళోనూ పని దొరుకుతుంది. మన పక్క పాలమూరు జిల్లా మనిషి సురవరం ప్రతాపరెడ్డి, మన జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అన్నదాని మీదే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అంత పుస్తకం రాశాడు. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. ఇక్కడ ఏముందని ఆయన అనుకుని ఉంటే ఆ పుస్తకమే లేదు.

ఇంటిపట్టు సెలవును కూడా వ్యాపారం ఎత్తుకుపోయింది. అమెరికాలో 2008 ప్రాంతంలో పెట్రోలు ధరలు పెరిగి, చేతిలో డబ్బాడక జనం ఇళ్ళలోనే సెలవులు గడుపుతున్నప్పుడు "స్టేకేషన్" అనే మాట బాగా వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు హైదరాబాదు హోటళ్ళు అదే పేరుతో గదులు అమ్ముతున్నాయి. ఉన్న ఊళ్ళోనే, ఇల్లు వదిలి, పక్క వీధి హోటల్లో దిగడం. మాటలోంచి ఇంటిని తీసేశారు.

"ఈడ ఏమున్నది" అనే అభిప్రాయం వల్ల జరిగే నష్టం సెలవులతో ఆగిపోతే నేనింత రాసేవాణ్ణి కాదు. ఏమీ లేదనుకున్న చోటును ఎవరు ఏం చేసినా అడిగేవాళ్ళుండరు. బండలు తీసి వదిలేసిన గుంతలు మా చుట్టూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లారీల దుమ్ము కంది ఆకు మీద పేరుకుంటోంది. మన వికారాబాదు జిల్లాలోనే పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో నావికాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణ అవసరాల మీద తీర్పు చెప్పడానికి నేను చాలను. కానీ ఆ అడవి పేరు నా స్నేహితుల్లో చాలామంది మొదటిసారి విన్నది ఆ కేంద్రం మీద గొడవలు జరిగినప్పుడే. మనాలీ పోయొచ్చినవాళ్ళు, ఊటీ రెండుసార్లు చూసినవాళ్ళు. ఇంత దగ్గర అడవికి ఒక్క సెలవు రోజైనా పోలేదు. పోకుండానే పోగొట్టుకున్నాం.

కాబట్టి పెద్దేముల్, ధారూర్, బంట్వారం, యాలాల వైపు ఇళ్ళవాళ్ళను అడుగుతున్నాను. ఈ ఉగాదికి కొత్త కుండలో పచ్చడి కలిపాక నాలుగు రోజులు ఇంట్లోనే ఉండండి. మీరు మాంసం తినేవాళ్ళయినా సరే. మగవాళ్ళు పెంక ముందు కూర్చోండి. పిల్లల్ని పొద్దు పొడవకముందే లేపండి. చింత చిగురు లేతగా ఉండేది కొద్ది రోజులే, ఈ వారమే చెట్టు దగ్గరికి పోండి.