ఈసీయూ పోయిందట... ఎవరు చూశారు?

"ఈసీయూ పోయిందండీ, మార్చాల్సిందే."

పాత వ్యాను నడిపేవాళ్ళకి ఈ డైలాగు బాగా పరిచయం. ఎలా తేల్చారని అడగండి, "స్కానర్‌లో కోడ్ వచ్చింది" అంటారు. అయ్యా, కోడ్ అనేది ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు! ప్రోగ్రాం తప్పు జవాబిస్తే మేం ముందు ఇన్‌పుట్ చూస్తాం, సర్వరు తీసి చెత్తలో పడెయ్యం.

మా బాబాయి కూరగాయల వ్యాను సంగతే చూడండి. నల్ల పొగ, మైలేజీ సగానికి పడిపోయింది. ఓ పెద్ద వర్క్‌షాపులో ఈసీయూ మార్చమన్నారు. వీధి చివర ఎలక్ట్రీషియను మల్టీమీటరు పెట్టి చూస్తే కూలెంట్ సెన్సారు కనెక్టరుకి చిలుము! ఇంజిను వేడెక్కేకొద్దీ ఆ సెన్సారు రెసిస్టెన్సు తగ్గాలి. చిలుము రెసిస్టెన్సు దానికి తోడైతే, ఇంజిను ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. దాని లెక్క సరైనదే, అందిన అంకే తప్పు.

సరే, నిజంగా ఈసీయూలోనే లోపం ఉందనుకుందాం. చాలాసార్లు అది ఎండిపోయిన కెపాసిటరో, పగిలిన సోల్డరో, కాలిపోయిన డ్రైవరు ట్రాన్సిస్టరో అయ్యుంటుంది. బాగు చెయ్యొచ్చు. కానీ సర్క్యూటు వివరాలు బయటికి ఇవ్వరు. ఇమ్మొబిలైజరు ఉన్న బండికి వేరే బండి ఈసీయూ తెచ్చి పెడితే, తాళంతో జత కలపందే స్టార్టవదు. ఆ జత కలిపే సాఫ్ట్‌వేరు వాళ్ళ దగ్గరే ఉంటుంది.

"అందరికీ ఇస్తే దొంగతనాలు, పొల్యూషను పెరుగుతాయి" అంటారు. దొంగల భయం నిజమే. అయితే ఆర్సీ చూసి, ఎవరు చేశారో రాసుకుని ఇవ్వండి, ఎవరొద్దన్నారు? ఇక పొల్యూషనంటారా, రిపేరు లేక నల్ల పొగ కక్కుతూ తిరిగే వ్యాను కన్నా ఎక్కువా? లోపలి మ్యాపు మార్చి పవరు పెంచమని ఎవరూ అడగట్లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పనిచేయించమంటున్నాం, అంతే.

ఇదేం నా ఒక్కడి గోల కాదు. విడిభాగాలు, డయాగ్నొస్టిక్ టూల్స్ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి సుమారు 2,545 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు పై కోర్టులకెక్కాయి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా తెరిచింది. పోర్టల్ సంతోషమే, కానీ వీధి చివర మెకానిక్కు చేతికి వైరింగు డయాగ్రాం రావాలి కదా!

అందాకా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. ఈసీయూ మార్చమంటే మూడు ప్రశ్నలు వెయ్యండి: బ్యాటరీ సప్లై, ఎర్త్ చూశారా? సెన్సారుకి అయిదు వోల్టులు అందుతున్నాయా? కనెక్టరు విప్పి చూశారా? జవాబు రాకపోతే తాళం తీసుకుని బయటికొచ్చెయ్యండి.